చవకలో రెండో పిస్టల్: నేనైతే ఏది కొంటాను, ఏది కొనను

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. హ్యూస్టన్ శివార్లలో గ్యాస్ స్టేషన్ నడుపుతున్నారు. గ్రీన్ కార్డు ఉంది, గ్లాక్ 19 అనే 9 ఎంఎం పిస్టల్ ఒకటి ఉంది. గురి చూసే సైట్లు మార్పించడానికి దాన్ని గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) దగ్గర వదిలితే పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రాత్రులూ షాపు మూసే వేళ టెన్షన్‌తో గడిచాయి. అందుకని 350 డాలర్లలోపు నమ్మకంగా పనిచేసే రెండో పిస్టల్ కావాలి. వీలైతే రాత్రి షిఫ్టు చూసే మీ బావమరిదికి కూడా అందుబాటులో ఉండాలి. ఆయన హెచ్-4 (హెచ్-1 ఉద్యోగుల కుటుంబసభ్యులకిచ్చే వీసా) మీద ఉన్నారు.

చివరి ముక్కతోనే మొదలుపెడతాను. మిగతాదంతా డబ్బు విషయం, అది మాత్రం జైలు విషయం.

హెచ్-1, హెచ్-4, ఎఫ్-1, ఎల్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు అమెరికాలో తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు. ఇది ఫెడరల్ చట్టం, టెక్సస్ ఎంత ఉదారంగా ఉన్నా ఇక్కడ పనికిరాదు. కొనడం ఒక్కటే కాదు, చేతిలో ఉండటమే నేరం. వర్క్ పర్మిట్ ఉందని అనుకుంటే అది ఉద్యోగానికే, దీనికి కాదు. తెలిసి అలాంటి వ్యక్తి చేతికి ఇచ్చిన మీ మీద కూడా విడిగా కేసు పడుతుంది. శిక్ష 15 ఏళ్ల దాకా ఉండొచ్చు. గ్రీన్ కార్డు సంగతి ఆ తర్వాత చెప్పక్కర్లేదు. హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉందని ఎవరో ఒకరు చెబుతారు. ఉన్న మాట నిజమే. కానీ దాన్ని పట్టుకుని గ్యాస్ స్టేషన్ కౌంటర్ దగ్గర పిస్టల్ పెట్టుకునే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌కీ, క్రిమినల్ లాయర్‌కీ ఇద్దరికీ ఫీజు కట్టండి. ఆ డబ్బుతో రెండు పిస్టళ్లు వస్తాయి. కాబట్టి రెండో పిస్టల్ మీకు మాత్రమే. మీరు లేనప్పుడు అది ఆయనకు తెరవడం తెలియని సేఫ్‌లో ఉండాలి. ఆయన షిఫ్టుకు పానిక్ బటన్, టైమ్ లాక్ ఉన్న డ్రాప్ సేఫ్ (క్యాష్ లోపలికి జారవిడిచే పెట్టె), డ్రాయర్‌లో తక్కువ క్యాష్ పెట్టండి.

నా సంగతి రెండు మాటల్లో. డాలస్ వైపు ఉంటాను, పద్నాలుగేళ్లుగా తుపాకులున్నాయి. మధ్యలో మూడేళ్లు శని, ఆదివారాలు ఒక గన్ షాపు కౌంటర్ వెనక పనిచేశాను. చవకవి కొన్నవాళ్లు ఏ మొహాలతో తిరిగొస్తారో అక్కడ చూశాను. అందులో నా మొహమూ ఒకటి, ఆ కథ తర్వాత.

బ్యాకప్ అనే మాటను జనం మూడు రకాలుగా వాడతారు. పోలీసులకైతే అది చీలమండ దగ్గరో జేబులోనో ఉండే చిన్న తుపాకీ. మొదటిది ఖాళీ అయితే మళ్లీ నింపే బదులు రెండోది తీస్తారు, దానికే న్యూయార్క్ రీలోడ్ అని పేరు. రెండో రకం, ఇంట్లో ఒకటి, షాపులో ఒకటి. మూడోది స్టెప్నీ లాంటిది, మొదటిది రిపేరుకు వెళ్లినప్పుడు దాని చోట ఉండేది. మీకు కావలసింది ఈ మూడోది. ఇంకో సంగతి మీ ప్రశ్నలో లేదు గానీ చెప్పాలి. ఖర్మ కాలి ఎప్పుడైనా కాల్చాల్సి వస్తే, తప్పు మీది కాకపోయినా పోలీసులు ఆ తుపాకీని సాక్ష్యంగా తీసుకుపోతారు. తిరిగి రావడానికి నెలలు పట్టొచ్చు. షాపు మాత్రం మరుసటి వారమే తెరవాలి.

స్టెప్నీ అన్నాక ఒక తేడా గుర్తించండి. జేబు తుపాకీ సైజు కోసం అన్నీ వదులుకుంటుంది. మీకు ఆ అవసరం లేదు. అయినా షాపుకు వచ్చి బ్యాకప్ అనగానే సేల్స్‌మన్ చేయి అలవాటుగా చిన్నవాటి మీదకే వెళుతుంది. రూగర్ ఎల్‌సీపీ 2008లో వచ్చింది, బరువు 270 గ్రాములు కూడా ఉండదు. జేబులో ఉన్నట్టే తెలియదు, కాలిస్తే మాత్రం అరచేతికి చెంపదెబ్బ లాగా ఉంటుంది. స్మిత్ అండ్ వెసన్ 642 రివాల్వర్ మంచిదే. ఐదు తూటాలు, బరువు 400 గ్రాముల పైచిలుకు. దానితో ఏడు గజాల దూరంలో పేపర్ ప్లేటును వరసగా కొట్టగలిగేవాళ్లు మేం ప్రాక్టీసు చేసే షూటింగ్ రేంజ్‌లో వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉన్నారు. చిన్న తుపాకీ బాగా అలవాటున్నవాడి ఆయుధం. కొత్తగా నేర్చుకున్నవాళ్లకు అదే ఇస్తారు, అదేం తర్కమో నాకెప్పుడూ అర్థం కాలేదు.

మీకు నా మొదటి సలహా బోరింగ్‌గా ఉంటుంది. మీ గ్లాక్ 19 మ్యాగజైన్లు, అంటే తూటాలు నింపి పిడిలోకి ఎక్కించే పెట్టెలు, పట్టేదే కొనండి. అవే తూటాలు, అదే పట్టు, బయట సేఫ్టీ మీట లేని అదే పద్ధతి. రాత్రి పదకొండింటికి చేయి వణికేటప్పుడు చేతికి తెలిసిందే పనికొస్తుంది. పాల్మెటో స్టేట్ ఆర్మరీ వాళ్ల డాగర్ కాంపాక్ట్ మూడో తరం గ్లాక్ 19 కొలతల మీద చేసిందే. 300 డాలర్ల చుట్టుపక్కల దొరుకుతుంది. 2024 చివర్లో రూగర్ ఆర్‌ఎక్స్‌ఎం అని ఇంకోటి వచ్చింది, గ్రిప్ మ్యాగ్‌పుల్ వాళ్లది, అదీ గ్లాక్ మ్యాగజైన్లే పడుతుంది. నేను చూసిన షాపుల్లో 400కు కాస్త అటూఇటూగా ఉంది. రెండింట్లో నన్నడిగితే ఆ తేడా పెట్టి రూగర్ తీసుకుంటాను. డాగర్ చెడ్డది కాదు. మా స్నేహితుడిది రెండు వేల తూటాలు దాటింది, ఏమీ కాలేదు. కానీ ఒక డాగర్‌కూ ఇంకో డాగర్‌కూ మధ్య తేడా కనిపించింది, అందుకే దాన్ని పరీక్షించకుండా నమ్మొద్దంటాను. వాడిన గ్లాక్ 26 దొరికినా మంచిదే. చిన్నదైనా 19 మ్యాగజైన్ పడుతుంది, కింద కాస్త బయటకు పొడుచుకు వస్తుంది అంతే. 43 జోలికి వెళ్లకండి, పేరు గ్లాకే గానీ మ్యాగజైన్ వేరు.

ఇక పోలీస్ ట్రేడ్-ఇన్‌ల సంగతి. డిపార్ట్‌మెంట్లు కొత్తవి కొనేటప్పుడు పాతవి డిస్ట్రిబ్యూటర్లకు ఇచ్చేస్తాయి, అవి మనలాంటివాళ్లకు వస్తాయి. పైన చూస్తే హోల్‌స్టర్ రాపిడికి నలుపు పోయి తెల్లబడి ఉంటుంది. లోపల చూస్తే చాలాసార్లు కొత్తదానిలా ఉంటుంది. పోలీసాయన దాన్ని ఏళ్ల తరబడి మోస్తాడు గానీ, కాల్చేది ఏడాదికి కొద్దిసార్లు క్వాలిఫికేషన్ (గురి పరీక్ష) కోసమే. రాత్రి మెరిసే సైట్లు మాత్రం చచ్చిపోయి ఉంటాయి. వాటిలో ట్రిటియం ఉంటుంది, పన్నెండేళ్లకు సగం వెలుగు పోతుంది.

వీటిలో అన్నిటికంటే చవకగా కనిపించేవి .40 క్యాలిబర్‌వి, గ్లాక్ 22, స్మిత్ అండ్ వెసన్ ఎం అండ్ పీ 40. దీని వెనక ఒక కథ ఉంది. 1986 ఏప్రిల్ 11న మయామీలో ఇద్దరు దొంగలతో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు చనిపోయారు. ఒక దొంగకు మొదట్లోనే తగిలిన 9 ఎంఎం తూటా గుండె దాకా వెళ్లకుండా ఆగిపోయింది, వాడు ఆ తర్వాత కూడా కాలుస్తూనే ఉన్నాడు. అక్కడి నుంచి పెద్ద తూటా కావాలన్న వెతుకులాట మొదలై 10 ఎంఎం దాకా వెళ్లింది. కాల్చినప్పుడు అది చేతిని వెనక్కి తన్నే తన్ను ఎక్కువైందని తగ్గించగా 1990లో .40 ఎస్ అండ్ డబ్ల్యూ వచ్చింది. దేశంలో సగం పోలీసులు అటు మారారు. తర్వాత 9 ఎంఎం తూటాల డిజైన్ మెరుగుపడింది. ఎఫ్‌బీఐ 2014, 2015 ప్రాంతంలో మళ్లీ 9 ఎంఎంకి వచ్చేసింది, మిగతావాళ్లూ దాని వెనకే వచ్చారు. అలా మిగిలిపోయిన .40లు గుట్టలుగా అమ్మకానికి వచ్చాయి. డబ్బుకు తగ్గ తుపాకీ అంటే అదే, కాదనను. కానీ మీకు వద్దంటాను. తూటాలు ఖరీదు, తన్ను ఎక్కువ. ముఖ్యంగా, ఒకే సేఫ్‌లో 9, .40 రెండు రకాల డబ్బాలుంటే హడావుడిలో ఒకదాని తూటాలు ఇంకోదాని మ్యాగజైన్‌లోకి ఎక్కేస్తాయి. ఒకసారి రేంజ్‌లో ఓ పెద్దాయన .40 పిస్టల్‌లో 9 ఎంఎం కాల్చాడు. తూటా ఖోళీ బుడగలా ఉబ్బి, పక్కన చీలిపోయి బయట పడింది. ఆయనకు ఏమీ కాలేదు, కానీ ఆ ఖోళీని నాకు చూపించేటప్పుడు చేయి వణుకుతూనే ఉంది. ట్రేడ్-ఇన్ 9 ఎంఎంలు కూడా వస్తుంటాయి, కాస్త ఓపిక పడితే చాలు.

గ్లాక్ మ్యాగజైన్ల పట్టింపు లేకపోతే కొత్తవాటిలో నాకు నచ్చిన చవక పిస్టల్ స్మిత్ అండ్ వెసన్ ఎస్‌డీ 9. 300 డాలర్ల దగ్గర దొరుకుతుంది, 16 తూటాలు. పాత ఎస్‌డీ9 వీఈ ట్రిగ్గర్ బావి చేద లాగినట్టు బరువుగా ఉంటుంది, ఆ ఒక్కటే ఫిర్యాదు. 2023లో వచ్చిన 2.0లో అదీ చాలావరకు తగ్గింది. టారస్ జీ3సీ ఇంకా చవక. ఈ బ్రెజిల్ కంపెనీ మీద అనుమానాలు ఊరికే రాలేదు. పాత మోడళ్లు తొమ్మిదింటి మీద, కింద పడితే పేలుతున్నాయని అమెరికాలో క్లాస్ యాక్షన్ దావా పడి, 2016లో రాజీతో ముగిసింది. జీ3సీ ఆ జాబితాలోది కాదు. ఆ తర్వాత వచ్చినవాటిలో నేను కాల్చినవి బాగానే ఆడాయి. పాన్ షాపు అద్దాల కింద పాత పీటీ సిరీస్ కనబడితే మాత్రం ఎంత చవకైనా ముందుకు నడవండి.

పాన్ షాపు అంటే ఇక్కడ తాకట్టు కొట్టు, కొత్తగా వచ్చినవాళ్ల కోసం చెబుతున్నాను.

హై-పాయింట్ గురించి అందరూ నవ్వుతారు. ఒహాయోలో తయారవుతుంది, 200 డాలర్లలోపే. బ్యారెల్‌కు తాళం పడే ఏర్పాటు ఉండదు, పైన వెనక్కీ ముందుకూ కదిలే స్లైడ్ బరువే పేలుడును ఆపాలి, అందుకే అది ఇటుకలా ఉంటుంది. పనిచేస్తుంది కూడా. జీవితకాలం వారంటీ ఇస్తారు, ఎన్నో చేతులు మారినా సరే. దాని బలహీనతంతా మ్యాగజైన్‌లో ఉంది. నేను దాన్ని రేంజ్‌లో సరదాగా కాల్చాను, దాని మీద ఆధారపడి షాపు తెరవను. 70లు, 80లు, 90లలో లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల రేవెన్, జెన్నింగ్స్, లోర్సిన్ లాంటి పేర్లతో జింకు మిశ్రమం పోత పోసి చేసిన బుల్లి పిస్టళ్లతో దీన్ని కలపకండి. అవి ఇప్పటికీ గన్ షోల్లో వంద డాలర్లకు కనిపిస్తాయి. లోపల తూటా పెట్టుకుని మోసే ధైర్యం నాకైతే లేదు.

మనసులో మాట చెప్పాలంటే, చవక బ్యాకప్ అనగానే నాకు గుర్తొచ్చేది పాత .38 సర్వీస్ రివాల్వర్. స్మిత్ అండ్ వెసన్ మోడల్ 10, దాని స్టెయిన్‌లెస్ తమ్ముడు మోడల్ 64. ఈ వంశం 1899లో మొదలైంది, అరవై లక్షలకు పైగా చేశారు. మోడల్ 64లు జైళ్ల శాఖల నుంచీ, సెక్యూరిటీ కంపెనీల నుంచీ ఇప్పటికీ వస్తుంటాయి. నా దగ్గరున్న దానికి పిడి అడుగున ఒక ర్యాక్ నంబరు (ఆయుధాల అరలో దాని చోటు చెప్పేది) చెక్కి ఉంది, చెక్క పిడి ఒక పక్క ఎవరి సీటు బెల్టుకో రాసుకుని నున్నగా అరిగిపోయింది. ఆరు తూటాలే. కానీ మొరాయించడానికి దానికి మ్యాగజైనూ లేదు, ఇరుక్కోవడానికి స్లైడూ లేదు. ధరలు మాత్రం పెరిగాయి, 350లో దొరికితే అదృష్టమే. .38 ప్రాక్టీస్ తూటాలు కూడా 9 ఎంఎంకి దాదాపు రెట్టింపు పడతాయి.

దొరికితే చూడాల్సినవి చెబుతాను, ఇక్కడే చాలామంది మోసపోతారు. సిలిండర్ తెరిచి ఖాళీ అని ముందు మీరు చూడండి, సేల్స్‌మన్‌కూ చూపించండి. అనుమతి అడిగి హ్యామర్‌ను (వెనక ఉండే సుత్తి లాంటి భాగం) బొటనవేలితో చాలా నెమ్మదిగా వెనక్కి లాగండి, రెండో చేతి వేలిని సిలిండర్ మీద తేలికగా ఆనించండి. హ్యామర్ చివరికి వచ్చేలోపే సిలిండర్ టక్కున తాళం పడాలి. అలా ఆరు గదులకూ చూడాలి. ఒక్కటి వెనకబడినా టైమింగ్ పోయిందని అర్థం. తర్వాత సిలిండర్‌ను ముందుకూ వెనక్కూ కదపండి. కొంచెం ఆట ఉంటే పరవాలేదు, గలగలలాడితే వద్దు. హ్యామర్ పైకి ఉండగా వెనక నుంచి బొటనవేలితో నెట్టి చూడండి, జారి పడిపోతే ఎవరో లోపల ఆకురాయి పెట్టారన్నమాట. చివరగా బ్యారెల్ వెనక అంచును ఫోన్ లైటుతో చూడండి, పగుళ్లు ఉండకూడదు. ఇదంతా రెండు నిమిషాల పని. చూడనివ్వని షాపులో కొనకండి.

వాడిన సెమీ ఆటోమేటిక్ పిస్టల్ అయితే ఇంత తతంగం లేదు. బ్యారెల్ లోపల ఉబ్బు ఉందా, స్లైడ్ పట్టాల దగ్గర పగుళ్లున్నాయా చూసి, ఇంటికి తెచ్చాక రికాయిల్ స్ప్రింగ్ (స్లైడ్‌ను తిరిగి ముందుకు నెట్టేది) మార్చేయండి. చవకే.

ఇక నా కథ. మొదటి బ్యాకప్‌గా 180 డాలర్లకు ఒక .380 జేబు పిస్టల్ కొన్నాను, కంపెనీ పేరు వదిలేద్దాం. రేంజ్‌లో యాభై మామూలు తూటాలు గడగడా పేలాయి. సంబరపడి, ఆత్మరక్షణ కోసం వాడే హాలో పాయింట్లు నింపి ఎనిమిది నెలలు మోశాను. ఒకరోజు ఎందుకో వాటినే కాల్చి చూద్దామనిపించింది. రెండో తూటాకే ముక్కు, బ్యారెల్‌లోకి ఎక్కించే వాలు మీద (ర్యాంప్) గుచ్చుకుని ఆగింది. తట్టి సరిచేస్తే నాలుగోది. ఎనిమిది నెలలుగా నా జేబులో ఉన్నది ఒకే ఒక్క తూటా తుపాకీ అన్నమాట. కంపెనీకి రెండుసార్లు పంపాను, రెండుసార్లూ సరిచేశామని చీటీ పెట్టి తిరిగి పంపారు, రెండుసార్లూ అదే తంతు. ఇంకొకరికి అమ్మడానికి మనసొప్పలేదు, ఇప్పటికీ సేఫ్ అడుగున ఉంది.

అందుకే ఏది కొన్నా 150 ప్రాక్టీస్ తూటాలు, 50 మీరు నిజంగా పెట్టుకోబోయే హాలో పాయింట్లు కాల్చాకే దాన్ని షాపుకు తీసుకెళ్లండి. మ్యాగజైన్ల అడుగున పెయింట్ పెన్‌తో 1, 2, 3 అని రాయండి. ఆగినప్పుడల్లా ఏ నంబరు, ఏ తూటా అని రాసుకోండి. ప్రతిసారీ రెండో నంబరులోనే ఆగితే తప్పు పిస్టల్‌ది కాదు, ఆ మ్యాగజైన్‌ది. దాన్ని చెత్తలో పడేయండి, ప్రాక్టీసుకని కూడా దాచొద్దు, మళ్లీ మంచివాటిలో కలిసిపోతుంది. ఒంటిచేత్తో ఒక మ్యాగజైన్, ఎడమచేత్తో ఒకటి కాల్చండి. కొన్ని తేలికపాటి పిస్టళ్లు మణికట్టు మెత్తబడితే చాలు ఆగిపోతాయి.

దీంతో లెక్క మారుతుంది. 300 పిస్టల్, దాని మీద 8.25 శాతం పన్ను, ఆన్‌లైన్‌లో కొంటే లోకల్ డీలరుకు ట్రాన్స్‌ఫర్ ఫీజు ఓ 30, తూటాలకు ఓ 90. మొత్తం 450 దగ్గర తేలుతుంది. మీ 350 అన్నీ కలిపి అయితే, పిస్టల్‌కు మిగిలేది 200 చిల్లర. అప్పుడు ఒక నెల ఆగండి. పరీక్షకు పెట్టే తూటాల ఖర్చు తగ్గించి ఖరీదైన పిస్టల్ కొనడం మాత్రం తప్పు బేరం.

ప్రైవేటుగా మరో టెక్సస్ నివాసి దగ్గర కొనడం ఇక్కడ చట్టబద్ధమే, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అక్కర్లేదు. నేను మాత్రం చేయను. నంబరు దొంగ సొత్తుదని తేలితే తుపాకీ పోతుంది, డబ్బూ పోతుంది. డీలరు దగ్గర 4473 (తుపాకీ కొనేవాళ్లు నింపే ఫెడరల్ ఫారం) నింపేటప్పుడు గ్రీన్ కార్డుతో పాటు డ్రైవింగ్ లైసెన్స్ మీద ఇప్పటి అడ్రసు ఉందో లేదో చూసుకోండి, ఎక్కువమంది ఆగిపోయేది అక్కడే.

దాచడం గురించి ఒక్క మాట. కౌంటర్ కింద అరలో పెట్టకండి. లోపలికి దూకినవాడికి అది మీకంటే ముందు దొరుకుతుంది. మొదటిది ఒంటి మీద హోల్‌స్టర్‌లో, రెండోది ఆఫీసు గదిలో నేలకు బోల్టు వేసిన సేఫ్‌లో. మీ పిల్లలు స్కూలు అయ్యాక షాపుకు వస్తారని రాశారు. టెక్సస్‌లో నిర్లక్ష్యంగా వదిలేసిన లోడ్ చేసిన తుపాకీ 17 ఏళ్లలోపు పిల్లల చేతికి అందితే వదిలేసినవాళ్లది నేరం, పిల్లలు దానితో ఏమీ చేయకపోయినా.

ఇంకో చిన్న సంగతి, తెలుగువాళ్లకు ప్రత్యేకం. రేంజ్‌కు తీసుకెళ్లే బ్యాగును ఇండియా ప్రయాణానికి వాడకండి. మూల జేబులో ఒక్క తూటా ఉండిపోయినా శంషాబాద్‌లో ఆర్మ్స్ యాక్ట్ కేసు, వచ్చిన సెలవంతా కోర్టు చుట్టూ. అక్కడ 9 ఎంఎం మామూలు జనానికి నిషిద్ధ బోరు కూడా. మా ఇంట్లో రేంజ్ బ్యాగు ఎర్రది, అటక మీదకు అస్సలు ఎక్కదు.

ట్రేడ్-ఇన్ దేనిమీదైనా మనసు పడితే కొనేముందు ఫోటోలు పెట్టండి. స్లైడ్ లోపలి వైపు, బ్యారెల్ నోరు, రివాల్వర్ అయితే సిలిండర్ ముందు ముఖం, బ్యారెల్ వెనక అంచు. సీరియల్ నంబరు మీద వేలు అడ్డం పెట్టి తీయండి.